నెస్టెడ్ వర్చువలైజేషన్‌లో రిజిస్టర్ల అడ్డగింపు

వర్చువల్ మెషీన్‌లో ఇంకో హైపర్‌వైజర్‌ని పెట్టి, దాని చేత మళ్లీ వర్చువల్ మెషీన్లు నడిపించడాన్ని నెస్టెడ్ వర్చువలైజేషన్ అంటారు. అసలు యంత్రం మీద కూర్చున్న హైపర్‌వైజర్‌ని ఎల్0 అని, దానికి అతిథిగా ఉంటూ తానూ హైపర్‌వైజర్ పాత్ర పోషించేదాన్ని ఎల్1 అని, ఎల్1 నడిపే అతిథిని ఎల్2 అని పిలవడం ఈ రంగంలో రివాజు. క్లౌడ్‌లో అద్దెకు తీసుకున్న విండోస్ మెషీన్‌లో డబ్ల్యూఎస్ఎల్2 నడిపినా, వర్చువల్ మెషీన్ లోపల ఆండ్రాయిడ్ ఎమ్యులేటర్ తెరిచినా కింద ఉండేది ఈ మూడంతస్తుల ఏర్పాటే.

ప్రాసెసర్‌ని అదుపు చేసే రిజిస్టర్లను అతిథి ముట్టుకోబోయినప్పుడు ప్రాసెసర్ ఆ పనిని మధ్యలో ఆపి, పగ్గాలు హైపర్‌వైజర్ చేతికిస్తుంది. దీనికే అడ్డగింపు అని పేరు; ఇంజనీర్ల నోట ఇంటర్‌సెప్ట్, ట్రాప్ అన్న మాటలే ఎక్కువ. ఒక్క హైపర్‌వైజర్ ఉన్నచోట ఇది తేలిక. ఆగింది కాబట్టి చూసుకోవాల్సింది తనే. రెండు హైపర్‌వైజర్లున్నచోట మాత్రం ప్రతి అడ్డగింపుకూ ముందుగా ఒక ప్రశ్నకు జవాబు దొరకాలి: ఈ ట్రాప్ పెట్టమన్నది ఎవరు? లినక్స్‌లోని కేవీఎం హైపర్‌వైజర్‌లో ఈ భాగాన్ని 2009 నుంచి పదేపదే శుభ్రం చేస్తూ వచ్చారు. ఆ ప్రశ్నను ఒక్కచోటే అడిగి, జవాబును కోడ్‌లో కాకుండా పట్టికలో వెతుక్కునేలా చేయడమే అందులో ప్రతి విడత పని.

పూర్వరంగం

ఆలోచన పాతదే. ఐబీఎం 1972లో ప్రకటించిన వీఎం/370ని మరో వీఎం/370 లోపల నడిపేవారు. కొత్త వెర్షన్‌ని పరీక్షించడానికి అంతకన్నా సులువైన దారి లేదు. జెరాల్డ్ పోపెక్, రాబర్ట్ గోల్డ్‌బర్గ్ 1974లో రాసిన ప్రసిద్ధ వ్యాసంలోని ఒక సిద్ధాంతం, ఏ యంత్రం మీద ఇలా ఒకదాని లోపల ఒకటిగా వర్చువల్ మెషీన్లు కట్టవచ్చో చెబుతుంది. ఎక్స్86 ప్రాసెసర్లకు ఆ యోగ్యత ఆలస్యంగా వచ్చింది. ఇంటెల్ వీటీ-ఎక్స్ 2005లో, ఏఎండీ-వీ 2006లో బయటికొచ్చాయి. కేవీఎం 2007 ఫిబ్రవరిలో లినక్స్ 2.6.20తో కెర్నెల్‌లో చేరింది. ఏఎండీ ప్రాసెసర్ల మీద నెస్టెడ్ వర్చువలైజేషన్‌ని అలెగ్జాండర్ గ్రాఫ్ రాశారు. అది 2009లో కెర్నెల్‌లోకి వచ్చింది. ఐబీఎం హైఫా పరిశోధకులు 2010లో టర్టిల్స్ ప్రాజెక్ట్ పేరిట ఇంటెల్ మీద ఇదే పని చేసి చూపారు. తాబేలు మీద తాబేలు నిలబడినట్టుండే ఏర్పాటు కనుక ఆ పేరు. మామూలుగా వాడే పనుల్లో ఒక అంతస్తు వర్చువలైజేషన్‌తో పోలిస్తే వేగం తగ్గేది 6 నుంచి 8 శాతమే అని వాళ్ల పత్రం తేల్చింది. ఆ పనిలోంచి పుట్టిన కోడ్ 2011లో కేవీఎంలో కలిసింది.

అడ్డగింపు జరిగే తీరు

ఎక్స్86లో అడ్డగించాల్సి వచ్చే రిజిస్టర్లు మూడు జాతులు. మొదటివి కంట్రోల్ రిజిస్టర్లు: ప్రాసెసర్ ఏ పద్ధతిలో నడవాలో చెప్పే సీఆర్0, పేజీ టేబుళ్ల చిరునామా ఉండే సీఆర్3, కొత్త సదుపాయాలను తెరిచే సీఆర్4, ఇంటరప్టుల ప్రాధాన్యాన్ని పట్టి ఉంచే సీఆర్8. తర్వాత బ్రేక్‌పాయింట్ల కోసం వాడే డీబగ్ రిజిస్టర్లు, డీఆర్0 నుంచి డీఆర్7 దాకా. మూడోవి ఎంఎస్ఆర్‌లు (మోడల్ స్పెసిఫిక్ రిజిస్టర్లు), ఇవి వందల్లో ఉంటాయి.

ఏఎండీలో ప్రతి వర్చువల్ ప్రాసెసర్‌కూ వీఎంసీబీ అనే 4,096 బైట్ల పేజీ ఒకటి ఉంటుంది. అందులో మొదటి 1,024 బైట్లు నియంత్రణ భాగం. ఆ భాగం మొదట్లోనే అడ్డగింపు బిట్లు వరసగా ఉంటాయి. బిట్ 1 అయితే ఆపు, 0 అయితే పోనీ. అతిథి ఆగినప్పుడు ఎందుకు ఆగిందో ప్రాసెసర్ అదే పేజీలో ఒక ఎగ్జిట్ కోడ్ రాసిపెడుతుంది.

ఈ హార్డ్‌వేర్‌కు తెలిసినది ఒకే అంతస్తు. ఎల్2 అనేది ఒకటుందన్న సంగతే దానికి పట్టదు. అందుకే ఎల్0 మూడు పేజీలతో కాపురం చేస్తుంది. ఎల్1ని నడపడానికి తను రాసుకున్నది వీఎంసీబీ01. ఎల్2 కోసం ఎల్1 రాసినది వీఎంసీబీ12. దాన్ని ప్రాసెసర్ నేరుగా ఎన్నడూ చదవదు. ఆ రెండిటినీ కలిపి ఎల్0 తయారుచేసేది వీఎంసీబీ02. నిజంగా ఎల్2ని నడిపేది ఈ మూడోదే. ఎల్0 అడిగిన అడ్డగింపులూ ఎల్1 అడిగిన అడ్డగింపులూ రెండూ అందులో ఉండాలి కనుక, రెండు బిట్ల వరసలనూ 'ఆర్' చేసి దించుతారు.

గంపగుత్తగా 'ఆర్' చేస్తే అన్నిచోట్లా కుదరదు. ఎల్1 తన ఇంటరప్టుల ముసుగును హార్డ్‌వేర్‌కే అప్పగించినప్పుడు, సీఆర్8 విషయంలో ఎల్0 తన సొంత అడ్డగింపును వదిలేసి ఎల్1 బిట్లనే ఉంచుతుంది. ఎల్2 చేసే వీఎంఎంకాల్ పిలుపు కూడా ఎల్0ని ఉద్దేశించినది కాదు కాబట్టి అక్కడా తన బిట్‌ని తీసేస్తుంది. ఇలాంటి మినహాయింపులు పది ఫంక్షన్లలో చెదిరి ఉంటే కోడ్ చదివేవాళ్లు ఏదో ఒకటి మరిచిపోక తప్పదు. 2010 చివర్లో జోర్గ్ రోడెల్ చేసిన మార్పుల్లో, కలిపే పనంతా ఒకే ఫంక్షన్ చేతికి వచ్చింది. ఎల్0 బిట్లలో ఏది మారినా ఆ ఫంక్షన్ మళ్లీ మొదటి నుంచి లెక్క కడుతుంది.

దానికి ఇంకో బలమైన కారణం కూడా ఉంది. అదే విడతలో కేవీఎం ఏఎండీ వారి 'క్లీన్ బిట్ల'ను వాడడం మొదలుపెట్టింది. వీఎంసీబీలో ఫలానా భాగం మారలేదని హైపర్‌వైజర్ చెబితే, ప్రాసెసర్ దాన్ని మళ్లీ మెమరీ నుంచి చదవకుండా తన దగ్గర దాచుకున్న పాత ప్రతితోనే సరిపెట్టుకోవచ్చు. అడ్డగింపు బిట్‌ని మార్చి, మారిందని చెప్పడం మరిస్తే? మెమరీలో బిట్ 1గానే కనిపిస్తుంది, ప్రాసెసర్ మాత్రం 0 అనుకుని అతిథిని పోనిస్తుంది. అలాంటి తప్పు ఒక మెషీన్‌లో కనబడుతుంది, ఇంకోదాంట్లో కనబడదు, పట్టుకోవడం నరకం. బిట్‌ని నేరుగా ముట్టుకునే హక్కు ఎవరికీ ఇవ్వకుండా, పెట్టడానికొకటి తీయడానికొకటి చిన్న ఫంక్షన్లు రాసి, 'మారింది' అన్న కబురును వాటి పనిలోనే కలిపేశారు. పైకి చూస్తే నాలుగు లైన్ల సర్దుబాటు. నా మట్టుకు ఈ చరిత్రలో అతి విలువైన మార్పుల్లో ఇదొకటి.

నాలుగు గళ్ల నుంచి ఒకే వరసకు

తొలినాటి కోడ్‌లో కంట్రోల్ రిజిస్టర్లు చదవడానికొకటి, రాయడానికొకటి, డీబగ్ రిజిస్టర్లు చదవడానికొకటి, రాయడానికొకటి, మొత్తం నాలుగు 16 బిట్ల గళ్లు ఉండేవి. ఎల్2 ఆగినప్పుడు దాన్ని ఎల్1కు అప్పజెప్పాలా వద్దా అని తేల్చే ఫంక్షన్‌లో కూడా అలాగే నాలుగు శాఖలు. ఎగ్జిట్ కోడ్ ఏ శాఖ పరిధిలో పడిందో చూడాలి, అందులోంచి ఆ శాఖ మొదటి కోడ్‌ని తీసివేయాలి, మిగిలిన సంఖ్యంత జరిపిన బిట్‌ని ఆ శాఖకు చెందిన గడిలో చూడాలి. నాలుగుసార్లు రాసిన ఒకే లెక్క. చదివే గడి పేరున్న చోట రాసే గడి పేరు పడినా కంపైలర్ ఏమీ అనదు.

ఏఎండీ నిర్దేశాన్ని పక్కన పెట్టుకుని సంఖ్యలు రాసి చూస్తే ఒక అందం బయటపడుతుంది. సీఆర్ చదవడానికి ఎగ్జిట్ కోడ్లు 0 నుంచి 15 దాకా, రాయడానికి 16 నుంచి 31 దాకా. డీఆర్ చదవడానికి 32 నుంచి 47, రాయడానికి 48 నుంచి 63. వీఎంసీబీలో కూడా ఆ బిట్లు అదే క్రమంలో, సరిగ్గా అంతే దూరాల్లో ఉన్నాయి. సీఆర్3 చదివితే ఎగ్జిట్ కోడ్ 3. పేజీ మొదటి నుంచి లెక్కపెడితే దాన్ని అడ్డగించే బిట్ కూడా 3వదే. సీఆర్3కి రాస్తే 19, బిట్ కూడా 19. డీఆర్7కి రాస్తే 55. ఎక్సెప్షన్లు 64 నుంచి మొదలు కనుక 14వ ఎక్సెప్షన్ అయిన పేజ్ ఫాల్ట్ 78. బయటి నుంచి వచ్చే ఇంటరప్టు 96. అతిథిని నడపడం మొదలుపెట్టే వీఎంరన్ ఆదేశం 128. ఎక్కడా తేడా రాదు. ఎగ్జిట్ కోడే బిట్ స్థానం!

రోడెల్ మార్పులతో 16 బిట్ల జంటలు కలిసి ఒక్కొక్కటి 32 బిట్ల గడి అయ్యాయి. నాలుగు శాఖలు రెండయ్యాయి. ఆ కోడ్ 2011 మార్చిలో లినక్స్ 2.6.38తో వచ్చింది. మిగతా సగం దూరం నడవడానికి ఇంకో తొమ్మిదేళ్లు పట్టింది. ఇన్వ్‌పీసీఐడీ అనే ఆదేశాన్ని కేవీఎం ఏఎండీ మీద అడ్డగించాల్సిన అవసరం పడినప్పుడు, ఆ బిట్ అప్పటిదాకా ఉన్న గళ్లు దాటి కొత్త 32 బిట్ల గడిలో ఉందని తేలింది. కంట్రోల్ రిజిస్టర్లకొకటి, డీబగ్ రిజిస్టర్లకొకటి, ఎక్సెప్షన్లకొకటి, మిగిలిన ఆదేశాలకు 64 బిట్లదొకటి ఇప్పటికే విడివిడిగా ఉన్నాయి. వీటి పక్కన ఇంకొకటి చేర్చి, దానికి మళ్లీ పెట్టే ఫంక్షన్, తీసే ఫంక్షన్, కలిపే లైను, సరిచూసే లైను రాయాలి. అలా అతుకులేయకుండా, ఏఎండీ ఇంజనీర్లు గళ్లన్నిటినీ రద్దుచేసి ఒకే బిట్ల వరసగా మార్చారు. 2020 డిసెంబర్‌లో విడుదలైన లినక్స్ 5.10లో ఇది చేరింది. ఆ వరసలో ఇన్వ్‌పీసీఐడీ స్థానం 162. దాని ఎగ్జిట్ కోడ్ ఎంతో పాఠకులు ఈపాటికి ఊహించే ఉంటారు.

సీఆర్0 పేచీ

ఒక్క రిజిస్టర్ మాత్రం ఈ సమ వరసకు లొంగదు. సీఆర్0లో టీఎస్, ఎంపీ అనే రెండు బిట్లున్నాయి. వీటిలో టీఎస్‌ని ఆపరేటింగ్ సిస్టమ్‌లు మాటిమాటికీ మారుస్తుండేవి. ఒక ప్రాసెస్ నుంచి ఇంకో ప్రాసెస్‌కు మారేటప్పుడు ఫ్లోటింగ్ పాయింట్ స్థితిని వెంటనే మార్చకుండా వాయిదా వేయడానికి టీఎస్ పనికొచ్చేది. అలా రాసిన ప్రతిసారీ ఆగితే వేగం పడిపోతుంది. అందుకని ఏఎండీ వారు రెండు రకాల అడ్డగింపులిచ్చారు. 16వ బిట్ పెడితే సీఆర్0కి ఏం రాసినా ఆగుతుంది. 101వ బిట్ పెడితే, ఆ రెండూ కాక ఇంకేదైనా బిట్ మారితేనే ఆగుతుంది. రెండో దాని ఎగ్జిట్ కోడ్ వేరు, 101.

ఎల్0 తన అవసరం కొద్దీ 16 పెట్టిందనుకుందాం. ఎల్1 మాత్రం 101 ఒక్కటే అడిగింది. ఎల్2 సీఆర్0లో పేజింగ్ బిట్‌ని మార్చింది. ప్రాసెసర్ ఎల్0కి చెప్పేది 16 అని. ఎల్0 తన కొత్త చక్కని పద్ధతిలో ఎల్1 వరసలో 16వ బిట్ చూస్తే అది 0. అంటే ఎల్1కు ఇది అక్కర్లేదు, నేనే పూర్తిచేస్తాను అనుకుంటుంది. తప్పు. ఎల్1 దీన్ని అడిగింది, వేరే పేరుతో అడిగింది. కాబట్టి ఎల్0 ఇక్కడ సొంతంగా పాత విలువనూ కొత్త విలువనూ పక్కపక్కన పెట్టి, టీఎస్, ఎంపీ బిట్లను తీసేసి, మిగిలినదాంట్లో తేడా ఉంటే ఎగ్జిట్ కోడ్‌ని 101గా తిరగరాసి ఎల్1కు అందించాలి. ప్రాసెసర్ అసలు పలకని మాటను ప్రాసెసర్ పలికినట్టే వినిపించాలి.

ఇలాంటివాటిని కూడా బలవంతాన పట్టికలో ఇరికించబోతే పట్టిక పాడవుతుంది. కేవీఎం దీన్ని విడిగా, పేరు పెట్టిన ఒక చిన్న ఫంక్షన్‌లో ఉంచింది. మినహాయింపు మినహాయింపుగానే కంటికి కనబడాలి.

ఎంఎస్ఆర్ పటాలు, భద్రత

ఎంఎస్ఆర్‌లు వందల్లో ఉంటాయి కనుక వాటి బిట్లు వీఎంసీబీలో పట్టవు. వేరే 8 కిలోబైట్ల పటం ఉంటుంది. ఒక్కో ఎంఎస్ఆర్‌కు రెండు బిట్లు, ఒకటి చదవడానికి, ఒకటి రాయడానికి. మూడు పరిధులు, ఒక్కోదాంట్లో 8,192 ఎంఎస్ఆర్‌లు. పరిధికి 2 కిలోబైట్ల చొప్పున 6 వాడుకలో ఉంటాయి. ఇక్కడ కూడా ఎల్0 పటాన్నీ ఎల్1 పటాన్నీ 'ఆర్' చేసి ఎల్2 కోసం మూడో పటం కడతారు. ఎల్2లోకి వెళ్లే ప్రతిసారీ మొత్తం కలపడం దండగ కనుక, ఎల్0 ఎప్పుడైనా దారి వదిలే అవకాశమున్న ఎంఎస్ఆర్‌ల చోట్లను ముందే గుర్తుపెట్టుకుని వాటినే కలుపుతారు. మిగతావన్నీ 1గానే ఉంటాయి, అంటే అడ్డగింపే.

ఈ మూడో పటం ఎల్0 చేతుల్లోంచి జారితే ఏమవుతుందో 2021లో లోకానికి తెలిసింది. గూగుల్ ప్రాజెక్ట్ జీరోకు చెందిన ఫెలిక్స్ విల్‌హెల్మ్ బయటపెట్టిన లోపం అది, సీవీఈ-2021-29657. ఎల్2లోకి వెళ్లే ముందు ఎల్1 పేజీలో వీఎంరన్ అడ్డగింపు బిట్ ఉందో లేదో ఎల్0 తప్పక చూస్తుంది. నియమం ప్రకారం అది ఉండి తీరాలి. లినక్స్ 5.10 కోడ్ ఆ బిట్‌ని ఎల్1 మెమరీలో ఒకసారి చూసి, తర్వాత విలువలను అదే మెమరీ నుంచి మళ్లీ చదివేది. ఆ రెండు చదువుల మధ్య సందులో ఎల్1కు చెందిన ఇంకో ప్రాసెసర్ ఆ బిట్‌ని 0 చేస్తే, తనిఖీ నెగ్గిందీ వాడిందీ వేర్వేరు విలువలవుతాయి. అక్కడి నుంచి తీగ లాగితే, ప్రాసెసర్ ఇంకా వాడుతున్న ఎంఎస్ఆర్ పటం ఉన్న మెమరీని ఎల్0 వదిలేసేలా చేయవచ్చు. అది ఇంకొకరి చేతిలో పడితే అతిథి అసలు యంత్రపు ఎంఎస్ఆర్‌లనే తాకగలదు. మందు చాలా చిన్నది: ముందు విలువలను ఎల్0 తన మెమరీలోకి తెచ్చుకోవాలి, తెచ్చుకున్న ప్రతినే పరీక్షించాలి, ఆ ప్రతినే వాడాలి.

అదే ఏడాది ఆగస్టులో బయటపడ్డ సీవీఈ-2021-3656ది ఇంకో తీరు. వీఎంలోడ్, వీఎంసేవ్ ఆదేశాలను అడ్డగించే పనిని ఎల్1 చెప్పినట్టల్లా వదిలేయడం వల్ల, ఎల్2 అసలు యంత్రపు భౌతిక మెమరీని చదివి రాయగలిగేది. ఎల్1 ఏం కోరినా సరే, నెస్టెడ్ అతిథి నడుస్తున్నప్పుడు ఆ రెండిటినీ ఎల్0 అడ్డగించి తీరాలన్నది దిద్దుబాటు. అద్దెకున్నవాడు తన గదికి తాళం వద్దనవచ్చు; వీధి తలుపు తాళం సంగతి తేల్చాల్సింది ఇంటాయనే. అడ్డగింపు కోడ్‌ని శుభ్రం చేయడాన్ని ఇల్లు సర్దుకోవడం లాంటి పనిగా లెక్కకట్టేవారికి ఈ రెండు లోపాలనూ చూపించాలి. బిట్లన్నీ ఒక్క ఫంక్షన్‌లో కలిసినప్పుడే, ఎల్0కి తప్పనిసరైనవి ఏవో అక్కడ నిలబడి ఒక చూపులో చూడవచ్చు.

ఇంటెల్ దారి

ఇంటెల్‌లో సీఆర్0, సీఆర్4లకు ఏ బిట్లు హైపర్‌వైజర్‌వో చెప్పే ముసుగు, అతిథికి చూపించాల్సిన నీడ విలువ ఉంటాయి. ఎంఎస్ఆర్ పటం 4 కిలోబైట్లది. 2020లో లినక్స్ 5.8 కోసం షాన్ క్రిస్టోఫర్సన్ చేసిన మార్పు ఈ వ్యాసానికి నేరుగా సంబంధించినది. అప్పటిదాకా ఒకే పొడుగాటి ఫంక్షన్ 'ఇది ఎల్1కు పంపాలా' అని తేల్చేది; అందులో ఎల్0 కోరికలు, ఎల్1 కోరికలు కలగాపులగంగా ఉండేవి. దాన్ని ఆయన రెండుగా చీల్చారు. ఒకటి 'ఎల్0కి ఇది కావాలా?' అని అడుగుతుంది, రెండోది 'ఎల్1కు కావాలా?' అని. ముందు మొదటిది, అది కాదంటేనే రెండోది. పేర్లు చదివితేనే కోడ్ అర్థమైపోతుంది.

ఆర్మ్

ఆర్మ్ 64 బిట్ల లోకంలో చిక్కు వేరే రకం. అక్కడ ఒక్కో సిస్టమ్ రిజిస్టర్‌కు ఒక్కో బిట్ అన్న సౌలభ్యం మొదట్లో లేదు. హెచ్‌సీఆర్_ఈఎల్2 అనే రిజిస్టర్‌లో (ఈఎల్2 అంటే ఆర్మ్‌లో హైపర్‌వైజర్ నడిచే స్థాయి, పైన చెప్పిన ఎల్2 కాదు) టీవీఎం అన్న ఒక్క బిట్ పెడితే వర్చువల్ మెమరీకి సంబంధించిన రిజిస్టర్ల గుంపుకు రాసే ప్రయత్నాలన్నీ ఆగుతాయి. చదవడం ఆపాలంటే టీఆర్‌వీఎం అని వేరే బిట్. ఒకే రిజిస్టర్‌ని రెండు మూడు బిట్లు ఆపగలవు. తర్వాత వచ్చిన సూక్ష్మ ట్రాప్‌లలో ఒక్కో రిజిస్టర్‌కు ఒక్కో బిట్ ఇచ్చారు గానీ, వాటిలో కొన్ని తలకిందులుగా పనిచేస్తాయి: 0 ఉంటే ఆపు, 1 అయితే పోనీ.

మార్క్ జింగియర్ 2023లో లినక్స్ 6.6 కోసం రాసిన పద్ధతి దీన్నంతా రెండు పట్టికలకు దించింది. ముతక ట్రాప్‌ల పట్టిక ఒకటి, సూక్ష్మ ట్రాప్‌ల పట్టిక ఒకటి. ప్రతి సిస్టమ్ రిజిస్టర్ సంకేతానికీ ఎదురుగా ఏ ట్రాప్‌లు వర్తిస్తాయో, ఆ బిట్ 1 అయితే ఆగాలా 0 అయితే ఆగాలా అన్నది రాసి ఉంటుంది. కెర్నెల్ లేచేటప్పుడే వాటిని చదివి వెతకడానికి వీలైన రూపంలో పేర్చుకుంటుంది. ఒకే రిజిస్టర్‌కు సూక్ష్మ ట్రాప్ రెండుసార్లు రాసి ఉంటే అప్పుడే తప్పు అని అరుస్తుంది. ఇక ఎల్2 ఏ రిజిస్టర్ దగ్గర ఆగినా కోడ్ చేసేది ఒకటే, పట్టిక తీసి, ఎల్1 రాసుకున్న సంబంధిత ట్రాప్ రిజిస్టర్ ప్రతిలో ఆ బిట్ చూడడం. ఆర్మ్ నిర్దేశ గ్రంథాన్ని ఒక చేతిలో, పట్టికను ఇంకో చేతిలో పట్టుకుని లైను లైనుకూ సరిచూసుకోవచ్చు. ఎవరు రాసినా, ఎవరు దిద్దినా ఇదే దారిన రాయాలని నా గట్టి అభిప్రాయం.

ఆర్మ్‌లో అసలు ఆగడాలను తగ్గించే ప్రయత్నం కూడా జరిగింది. కొలంబియా విశ్వవిద్యాలయం వారు 2017లో నీవ్ పేరుతో ఒక ప్రతిపాదన చేశారు. ఎల్1 ముట్టుకునే ఈఎల్2 రిజిస్టర్లలో వెంటనే ప్రభావం చూపనివాటిని ట్రాప్ చేయకుండా, మెమరీలో ఒక పేజీకి మళ్లించడం అందులోని ఆలోచన. అసలైన పనుల్లో వేగం దాదాపు పది రెట్లు పెరిగిందని వాళ్లు చూపించారు. ఆర్మ్‌వీ8.4లో వచ్చిన సదుపాయం దానికి అనుగుణమైనదే.

ఎమ్యులేటర్ దొడ్డిదారి

ఇంతవరకు చెప్పినదంతా ప్రాసెసర్ ఆపినప్పటి మాట. అడ్డగింపు బిట్లను ప్రాసెసర్ చూడకుండానే ఎల్2 ఆదేశం నడిచే దారి ఒకటుంది. ఎల్2 ఏదైనా పరికరపు మెమరీని తాకినప్పుడు ఎల్0 ఆ ఆదేశాన్ని మెమరీ నుంచి చదివి, తన సాఫ్ట్‌వేర్ ఎమ్యులేటర్‌తో నడిపిస్తుంది. ఎమ్యులేటర్ చేసే పనికి హార్డ్‌వేర్ అడ్డగింపు బిట్లు వర్తించవు. అందుకే 2011లో ఎమ్యులేటర్ ప్రతి ఆదేశానికీ ముందు ఎల్1 కోరికలను సాఫ్ట్‌వేర్‌లోనే తనిఖీ చేసుకునే ఏర్పాటు కేవీఎంలో చేరింది.

కేవీఎం పరీక్షల సంపుటిలో దీనికొక పరీక్ష ఉంది. ఎల్1 సీఆర్3 చదవడాన్ని అడ్డగించమని అడుగుతుంది. ఎల్2 వీడియో మెమరీ చిరునామాకు ఒక విలువ రాయబోతుంది. అది పరికరపు మెమరీ కనుక ఎల్0 దగ్గర ఆగి, ఎమ్యులేటర్ పని మొదలుపెడుతుంది. సరిగ్గా ఆ వ్యవధిలో ఇంకో ప్రాసెసర్ మీద నడుస్తున్న కోడ్, ఎల్2 ఆదేశం ఉన్న చోట నాలుగు బైట్లు తిరగరాస్తుంది. ఆగినప్పుడు అక్కడున్నది మామూలు మెమరీ ఆదేశం; ఎమ్యులేటర్ వెళ్లి చదివేసరికి అక్కడ ఉన్నది సీఆర్3ని చదివే ఆదేశం. ఎమ్యులేటర్ గుడ్డిగా నడిపేస్తే ఎల్2 చేతికి సీఆర్3 విలువ వచ్చేస్తుంది, ఎల్1కు కబురే అందదు. ఎల్1 పేజీలో ఎగ్జిట్ కోడ్ గడిలో 3 కనబడితేనే ఆ పరీక్ష నెగ్గినట్టు.